తీపి సాక్ష్యం

పంచదార నీళ్ళలో బల్బు వెలిగింది.

వెలగకూడదు. ప్రాక్టికల్ పరీక్షకని వేరే కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు కళ్ళజోడు సర్దుకుని లెక్చరరు వైపు చూశాడు. లెక్చరరు బీకరమ్మ వైపు చూశాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆ ల్యాబులో ద్రావణాలు కలిపేది ఆమే. ఆ పేరు పిల్లలు పెట్టిందే.

లెక్చరరు పాఠం ఎత్తుకున్నాడు. ఉప్పు అయానిక సమ్మేళనం, నీళ్ళలో పడగానే ప్లస్సూ మైనస్సూ విడిపోయి కరెంటు మోస్తాయి. పంచదారది సమయోజనీయ బంధం, ఎలక్ట్రాన్లు పంచుకున్న పొత్తు. కరిగినా అణువు చెక్కు చెదరదు, కరెంటు మోయదు. బీకరమ్మకి ఇదంతా కంఠతా వచ్చు. అసలు మాట చివర్లో వస్తుందనీ తెలుసు.

"ఇందులో ఉప్పు పోశావు. సీసాల మీది చీటీలు కనబడటం లేదని ఒప్పుకో. రేపట్నుంచి గేటు దగ్గర స్టూలేసుకుని కూర్చో."

గేటు దగ్గర స్టూలెక్కినవాళ్ళెవరూ ఏడాది తిరిగేదాకా ఉద్యోగంలో మిగల్లేదు.

"చీటీలతో నాకేం పని సార్? ఏ సీసా ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని తీస్తాను. ఇవి పంచదార నీళ్ళే. ఇందాక ఉప్పు నీళ్ళలో ముంచిన మీ వైర్లు కడిగారో లేదో చూసుకోండి."

ఎగ్జామినరు ఏదో రాయబోతూ కలం మూత తీశాడు. బీకరమ్మ ఆ బీకరు చేతిలోకి తీసుకుంది. లెక్చరరు గాభరాగా గోడ మీది బోర్డు చూపించాడు. ల్యాబులో ఏదీ నోట పెట్టరాదని అందులో ఎర్రక్షరాలతో రాసుంది.

"అది నాకు కనబడదని ఇప్పుడేగా అన్నారు," అంటూ ఎత్తిన బీకరు దించకుండా గటగటా తాగేసింది. అడుగున చుక్క మిగల్లేదు. మొహంలో ఒక్క ముడత కదల్లేదు. పెదాలు నాకి మరీ చెప్పింది.

"తియ్యగా ఉంది."

పిల్లలు నవ్వాపుకోలేక రికార్డు పుస్తకాల్లో తలలు దూర్చారు. ఎగ్జామినరు ఆమెని మళ్ళీ కలిపి తెమ్మని, ఈలోగా వైర్లు శుభ్రంగా కడగమని లెక్చరరుకి పురమాయించాడు. బీకరమ్మ స్టోరు గదిలోకి వెళ్ళి ఇంకో బీకరు నింపుకొచ్చింది. ఈసారి బల్బు వెలగలేదు.

వైర్లదే తప్పయ్యుంటుందని లెక్చరరు నేల చూపులు చూస్తూ గొణిగాడు. గట్టిగా చెప్పమంది బీకరమ్మ. పిల్లలందరూ వినేలా చెప్పాడు. గేటు ఊసు మళ్ళీ ఎత్తలేదు.

పరీక్ష అయిపోయాక బీకరమ్మ స్టోరు గదికి వెళ్ళింది. నిన్న గోడలకి రంగులేసినవాళ్ళు దింపి అటూ ఇటూగా మళ్ళీ ఎక్కించిన సీసాల్ని వరసగా తడిమి, ఇందాక నాలుకతో పోల్చుకున్న పంచదార సీసా మెడకి గట్టిగా ఒక దారం కట్టింది.

ఆ తర్వాత కొళాయి దగ్గర వంగి, ఇంతసేపూ నోట్లో మండుతున్న ఉప్పుని నాలుగుసార్లు పుక్కిలించి ఉమ్మింది.