తాడు మీది తువ్వాల

మహానంది కొట్టిన దెబ్బకు లేవి కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది.

"లెయ్. ఆ లైను తీసెయ్."

"తీయను, పెద్దాయనా."

ఈసారి డొక్కలో తన్నాడు. వెండి పొన్ను కర్రతో తప్ప కూలోణ్ణి ముట్టని క్వారీ యజమాని ఈ పొద్దు ఒట్టి చేతులతో, ఒట్టి కాళ్ళతో కొడుతున్నాడు.

కోయిలకుంట్ల అవతల ఆ కంకర క్వారీలో రాయి పేల్చే మీట మనిషి చేతిలో లేదు. పోయినేడు ఇద్దరు తునకలైపోయాక దాన్ని ఏఐ ఏజెంట్‌కు అప్పగించారు. దానికెంత తెలివున్నా, ఏ టూల్ ఎప్పుడు వాడాలో, ఎప్పుడు ముట్టకూడదో రాసిపెట్టాల్సింది మనిషే. రాసింది లేవి. కంప్యూటర్ ముందు కూర్చోకముందు ఇదే గుంతలో పదేళ్ళు సమ్మెట కొట్టినవాడు. అందుకే పెద్ద మాటల జోలికి పోకుండా, పేల్చే టూల్ కింద మొదటి లైను ఇట్లా రాశాడు: "తాడు మీద ఒక్క తువ్వాల వేలాడుతున్నా పేల్చకు. అక్కడే ఆగు."

గుంతలోకి దిగే ప్రతివాడూ పైన కట్టిన తాడు మీద తన తువ్వాల వేసి దిగుతాడు. పైకొచ్చాక తీసుకుంటాడు. ఒకడి తువ్వాల ఇంకొకడు ముట్టడు. ముట్టినవాడి క్వారీలో మర్నాడు ఒక్కడు కూడా పనికి దిగడు.

ఇప్పుడు తాడు మీద ఒకే ఒక్క ఎర్ర తువ్వాల ఉంది. రాతి బొక్కల్లో పేలుడు మందు కూరాక వైర్లు సరిచూసే పెద్ద ఈరన్నది. పొద్దుట్నించీ ఏజెంట్ పేల్చనంటోంది.

"ఈరన్న డోన్ పోయినాడు. నేనే బస్సెక్కించినా," అన్నాడు మహానంది.

"తువ్వాల ఇడిసిపెట్టి పోయినాడా? ఆయప్ప పెండ్లామునైనా మరుస్తాడేమో గానీ తువ్వాల మరసడు."

"నాకే ఎదురు సెప్తాండావా? పోయినేడు సచ్చినోళ్ళ ఇండ్లకు ఇయ్యాల్సిన లెక్క తేల్చమని నిన్న ఆ ఈరన్నగాడూ ఇట్లే ఎగిరినాడు."

మహానంది బల్ల మీది సుత్తి తీసి లేవి కుడిచేతి వేళ్ళ మీద వేశాడు. ఎముకలు పటుక్కుమన్నాయి. లేవి కేక బయట నిలబడ్డ ఇరవై మంది కూలోళ్ళకూ వినపడింది. గడ్డపారలు పట్టుకుని ఒకడి మొగం ఒకడు చూసుకున్నారు. వాకిట్లో మహానంది మనుషులు వేటకొడవళ్ళతో అడ్డం నిలబడి ఉన్నారు.

"ఎడమ చెయ్యి ఉండాది కదా. దాంతో తీసెయ్. లేకుంటే అదీ పోతాది."

లేవి ఎడమచేత్తో కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. నెత్తురు బొట్లు బొట్లుగా అక్షరాల మీద పడుతోంది.

"దాని కింద ఇంగో లైను ఉండాది, పెద్దాయనా. అదీ ఒకసారి సదువుకో."

"నీ పురాణం సదివేదానికి నాకు తీరిక ల్యాదు. తువ్వాల లైను తీసి సావు."

లేవి తీసేశాడు.

మహానంది తెరలోకి తొంగిచూసి, ఆ లైను లేదని రూఢి చేసుకుని, "ఇంగ పేల్చు" అని ఏజెంట్‌కు తనే చెప్పాడు. సైరన్ కూసింది. మీసం తుడుచుకుంటూ వాకిలి దగ్గరికి నడిచాడు.

తువ్వాల ఉన్నంతసేపూ ఏజెంట్ మొదటి లైను దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు దాన్ని ఆపేది లేక కింది లైనుకు దిగింది: "గుంతలోని కెమెరాలన్నీ తిప్పి చూడు. మనిషి కనపడితే పేల్చకు. చూసింది చూసినట్టు మైకులో అందరికీ చెప్పు."

సైరన్ మధ్యలోనే ఆగిపోయింది. క్వారీ నాలుగు మూలలా మైకులు ఒకేసారి పలికాయి.

"పేల్చడం లేదు. గుంతలో ఒక మనిషి పడి ఉన్నాడు. తల పగిలింది. ఊపిరి ఆడుతోంది. పక్కన విరిగిన కర్ర ఉంది. దానికి వెండి పొన్ను ఉంది."