గురువు చివర్లో ఏం చేశాడు?

"బావుందా?" అన్నాడు ఆర్చీ.

"ఇంకా మొదలే కాలేదురా. ప్రకటనలు వస్తున్నాయి," అన్నాడు ఫిన్లే.

"ఆ ప్రకటనలైనా బావున్నాయా అని!"

సినిమా హాల్లో ముందు వరుసలో ఇద్దరు కిసుక్కున నవ్వారు. ఆర్చీ, ఫిన్లేల జంట ఊళ్ళో అందరికీ తెలిసిందే. ఆర్చీకి పుట్టుకతోనే చూపు లేదు. అయినా గోల్ఫ్ ఆడతాడు. ఏదో కాలక్షేపానికి కాదు, చూపులేనివాళ్ళ స్కాట్లండ్ జట్టులో పందొమ్మిదేళ్ళుగా ఉన్నాడు. పక్కనే నిలబడి, గోల్ఫ్ కర్ర కొసను బంతి వెనక ఆనించి, "జెండా నూట నలభై గజాలు, గాలి సముద్రం మీంచి వస్తోంది, కాస్త ఎడమకి తిరుగు" అని చెప్పేది ఫిన్లే. కొట్టేది ఒకరు, చూసేది ఒకరు. కప్పు గెలిస్తే మాత్రం నా వల్లంటే నా వల్లని పోట్లాడుకునేవాళ్ళు.

ఈ వేసవిలో పోట్లాడుకోవడానికి ఒక్క కప్పూ రాలేదు. ఆర్చీ కొట్టిన బంతులన్నీ ముళ్ళపొదల్లోకి పోతున్నాయి. గుంటకి మూడడుగుల దూరం నుంచి కొట్టినా పక్కకే దొర్లుతున్నాయి. "చేతులు పోయాయిరా," అంటాడు ఆర్చీ. శనివారం జట్టుకి ఎంపిక. పేరు ఉంచాలో తీసేయాలో ఈ సాయంత్రంలోగా క్లబ్బుకి చెప్పాలి. ఆట తప్ప ఆ మనిషికి ఇంకో లోకం లేదు. భార్య పోయిన నాలుగో రోజునే మైదానంలో కనబడ్డాడు.

సరిగ్గా అప్పుడే ఊళ్ళోకి ఈ సినిమా వచ్చింది. పట్టు తప్పిపోయిన గోల్ఫ్ ఆటగాడు, వాణ్ణి దారిలో పెట్టే ముసలి గురువు. "నీ కథేనయ్యా, చూడు" అని రొట్టెల కొట్లో, బస్సులో, చర్చి మెట్ల మీద అందరూ ఆర్చీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు. "చూడదగ్గదో కాదో మా ఫిన్లే చెబుతాడు. ఆ గురువు ఆడమంటే ఆడతా, మానమంటే మానేస్తా," అని ఆర్చీ తేల్చేశాడు. సినిమా చూసి బతుకు తేల్చుకునేవాణ్ణి ఏమనాలి? ఏమన్నా వినే రకం కాదు.

సినిమా మొదలైంది. మాటలు ఆర్చీకి వినబడుతూనే ఉన్నాయి. మాటలాగి సంగీతం వచ్చినప్పుడే చిక్కు.

"ఇప్పుడేం జరుగుతోంది?"

ఫిన్లే కాసేపు ఆగాడు. "సముద్రం ఒడ్డున... ఒక్కడే సాధన చేస్తున్నాడు. అప్పుడే తెల్లవారుతోంది."

వెనక సీట్లోంచి మిసెస్ బెతూన్ ముందుకు వంగింది. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ఆవిడ. ఊరికే ఉండటం ఆవిడకి చేతకాదు.

"సముద్రమేంటయ్యా, నీ మొహం! వాళ్ళమ్మని పాతిపెడుతుంటేనూ! కనబడని మనిషికి కట్టుకథలు చెప్తావా?"

హాలంతా ఉష్షుమంది. ఆర్చీ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"వీడింతేనండీ. నేను ఏడుస్తానని శ్మశానాన్ని సముద్రం చేసేశాడు."

ఫిన్లే కూడా నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

ఈ వేసవంతా అతనికి ఇదే అవస్థ. ఒక మాట చెప్పాలని నోరు తెరుస్తాడు. "ఏంట్రా?" అని ఆర్చీ తల తిప్పగానే "చలిగా ఉంది" అని మూసేసుకుంటాడు. ఆ మాట చెప్పేస్తే ఆర్చీ పక్కన నిలబడటం అన్నది ఆ రోజుతో సరి. చెప్పకపోతే ఊరి ముందు ఆర్చీ పరువు రోజూ పొదల పాలు. ఎటు కదిలినా గొయ్యే. తలుచుకుంటే జాలేస్తుంది.

ఆఖరి సీను వచ్చింది. మాటల్లేవు. సంగీతం కూడా ఆగిపోయింది. హాల్లో ఎవరూ ఊపిరి తీయడం లేదు. తర్వాత అక్కడక్కడా వెక్కిళ్ళు వినబడ్డాయి. దీపాలు వెలిగాయి.

"గురువు వాడి దగ్గరికొచ్చాడు కదా, అడుగులు విన్నా. కర్ర చప్పుడూ విన్నా," అన్నాడు ఆర్చీ. "ఏం చేశాడు? కర్ర వాడి చేతికిచ్చాడా, లాక్కున్నాడా?"

ఫిన్లే పెదాలు తడుపుకున్నాడు.

"చెప్పరా."

"ఇచ్చాడు."

"ఇవ్వడానికి ఇంతసేపా?"

"ఇచ్చాడురా బాబూ. ఆడమన్నట్టు భుజం తట్టాడు. కళ్ళారా చూశాను."

మిసెస్ బెతూన్ రెండడుగుల దూరంలో ముక్కు చీదుకుంటూ కోటు తొడుక్కుంటోంది. అడిగితే ఒక్క ముక్కలో చెప్పేసేది. కానీ ఆర్చీ అడగడు. ఆటలో తన మనిషిని తప్ప ఇంకొకర్ని సలహా అడగడం తప్పు, జరిమానా పడుతుంది. ముప్పై ఏళ్ళు ఆ నియమంతో బతికినవాడు సినిమా హాల్లో మాత్రం ఎలా మారతాడు? ఆవిడ వెళ్ళిపోయింది.

"బంతి నీళ్ళలో పడితే పడిందని ఠక్కున చెప్పేవాడివి," అన్నాడు ఆర్చీ మెల్లగా. "నా మనసు నొచ్చుకోకుండా మాట వెతుక్కునేటప్పుడే నువ్విలా ఆగుతావు. లాక్కున్నాడు కదూ?"

"కాదు, ఆర్చీ..."

"పర్లేదులే. గురువన్నవాడు అలాగే ఉండాలి. మంచి సినిమారా. అందర్నీ చూడమని చెప్పు."

అతను ఫోన్ తీసి క్లబ్బుకి చేశాడు. పేరు కొట్టేయమన్నాడు. అవతలివాళ్ళు బతిమాలుతున్నట్టున్నారు.

"లేదండీ. ఫిన్లే పాపం ఎప్పట్లాగే చెబుతున్నాడు, ఈ చేతులే వినడం లేదు," అన్నాడు.

ఫిన్లే "ఆగరా" అందామనుకున్నాడు. కానీ కోటుని గుండె దగ్గర పిడికిలితో పట్టుకుని నిలబడిపోయాడు. ఆ లోపలి జేబులో ఈస్టర్‌కి ముందు కంటి ఆసుపత్రి నుంచి తన పేరు మీదే వచ్చిన ఉత్తరం ఉంది, అక్షరాలు కనబడక పక్కింటావిడ చేత చదివించుకున్న ఉత్తరం.