పూట ప్రయాణం

వాగును మళ్లించి సింహం తన రాజధానికి నీళ్లు పట్టుకుపోయాక కప్పలుండే మడుగు ఎండిపోసాగింది. సింహం దూతగా గద్ద వచ్చి చాటింది: "రాజధాని పూట ప్రయాణమే. రేపు సాయంత్రంలోగా వచ్చి మీ గోడు చెప్పుకోండి."

నీళ్లు లేకున్నా నడవగలిగేది తానే కనుక, "అందరికీ సమానంగా నీళ్లు" అని నినదిస్తూ కప్పల తరఫున తాబేలు బయల్దేరింది. రెండు వేసవులు నడిచి కొలువు గుమ్మం చేరేసరికి గద్ద అక్కడే కూర్చుని ఉంది.

"ఇప్పుడా రావడం, బావా? మీ మడుగుకు ఏ లోటూ లేదని ఆ సాయంత్రమే రాసేశాం."

"పూట ప్రయాణం ఎవరికి?"

"రెక్కలున్న నాకు. గడువు మాత్రం అందరికీ సమానమే. నీ నినాదమే కదా అది."

కబురు వినడానికి అక్కడ ఒక్క కప్పా మిగిలి ఉండదని తెలిసీ, తాబేలు మడుగు వైపు తిరిగి నడక మొదలుపెట్టింది.