సున్నా రావాలి

ఫిన్లాండ్‌లోని కెమి ఊళ్లో డిసెంబరు చీకటి మధ్యాహ్నం మూడింటికే దిగిపోయింది. సర్వర్ల గదిలో నేనొక్కణ్నే ఉన్నాను. చెరిపేసిన ఫైళ్ల చోటును డిస్కుకు తిరిగిచ్చే కమాండ్ కొట్టాను. నలభై జీబీ ఇచ్చానంది. వెంటనే మళ్లీ కొడితే సున్నా రావాలి. మళ్లీ నలభై వచ్చింది!

ఒళ్లు మండి ఆఫీసులో ఉన్న నా సహోద్యోగి హిల్కాకు ఫోన్ చేశాను. "నేనిక్కడ ఉండగానే నా డిస్కులో ఫైళ్లు చెరిపేస్తున్నది ఎవరే?"

"అరవకు టార్మో. నెట్ కేబుల్ పొద్దున్నే పీకేశాం కదా, ఎవరు చెరుపుతారు? కాఫీ తాగి మళ్లీ కొట్టు."

కాఫీ తాగకుండానే పళ్లు నూరుతూ కొట్టాను. ఫ్యాన్ల హోరు టక్కున ఆగింది. తెర మీద సున్నా.

మళ్లీ ఫోన్ చేశాను. "చూశావా, దారికొచ్చింది!"

"ఎవరండీ మీరు? ఆ గదిలో మేమెవరినీ పెట్టలేదే," అంది హిల్కా.

"పదకొండేళ్లుగా ఇక్కడ చాకిరీ చేస్తున్నది నేనే!" అని గొంతు చించుకున్నాను.

నా మాట ఒక్కటీ వినపడనట్టు అవతల హిల్కా "హలో? హలో?" అంటూనే ఉంది.