ఎడమచేతి బెదిరింపు

తనను చంపేస్తానని బెదిరిస్తూ శ్యామ్‌సుందర్ తనకు తానే ఉత్తరం రాసుకున్నాడు. అదీ ఎడమచేత్తో. ఫోన్లో పంపితే పోలీసులు ఇట్టే పట్టేస్తారు కనుక కాగితం మీద రాసి, అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దగ్గర డబ్బాలో వేశాడు. మూడోరోజు అది బేగం బజార్‌లో తన దుకాణానికి రాగానే, అందరి ముందూ చదివి గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆ నటన చూసి, పిస్తాలు కొనడానికి వచ్చిన ఒకావిడ నిజంగానే కళ్లు తుడుచుకుంది.

ఇదంతా ఒక పిస్టల్ లైసెన్సు కోసం. శ్యామ్‌సుందర్‌ది బాదం, పిస్తాల టోకు వ్యాపారం. చీమకైనా హాని చెయ్యడు. కానీ ఏ శుభకార్యానికి వెళ్లినా బావమరిది శ్రీహరి, మా బావ బల్లిని చూసినా మంచమెక్కుతాడని చెప్పి పదిమందినీ నవ్విస్తాడు. వచ్చే గురువారం నాంపల్లిలో ఆ శ్రీహరి కూతురి పెళ్లి. నడుముకు పిస్టల్ కనిపించేలా పెట్టుకుని ఆ ఫంక్షన్ హాల్లో ఒక్కసారి అటూ ఇటూ తిరగాలి. శ్యామ్‌సుందర్ కోరిక అంతే.

అబిడ్స్ సందులో తుపాకుల దుకాణం నడిపే రాధాకృష్ణమూర్తిని ఏడాది కిందట అడిగితే, ప్రాణభయం ఉన్నట్టు రుజువుంటే తప్ప లైసెన్సు రాదన్నాడు. ఉత్తరం అందిన మర్నాడే శ్యామ్‌సుందర్ దాన్ని పట్టుకొచ్చి, అర్జీ ఆయన చేతే రాయించుకున్నాడు. పోలీసులు వచ్చారు, విచారించారు. ఎనిమిది నెలలకు లైసెన్సు చేతికొచ్చింది. ఇప్పుడు దర్జాగా పిస్టల్ కొనడానికి వచ్చాడు.

పిడి బంగారంలా మెరిసే ఒక పెద్ద పిస్టల్ మీద ఆయన కన్ను పడింది. రాధాకృష్ణమూర్తి మాత్రం ఒక చిన్న నల్ల పిస్టల్ తీసి ముందు పెట్టాడు. చూడ్డానికి ఏమీ ఉండదు గానీ, పదేళ్లుగా అమ్ముతున్నాననీ, తూటా మధ్యలో ఇరుక్కుపోయిందని ఒక్కరూ వెనక్కి తేలేదనీ చెప్పాడు.

"గిట్ల నల్లగుంటే పెండ్లిల ఎవరికి కనబడ్తది సార్? జర మెరిసేది ఇయ్యున్రి."

"ఇది దాచుకునే వస్తువండీ శ్యామ్‌సుందర్ గారూ, చూపించుకునేది కాదు. పెళ్లిలో చూపించారంటే లైసెన్సు ఊడుతుంది."

శ్యామ్‌సుందర్ వినిపించుకోలేదు. బంగారు పిడిది నడుముకు పెట్టుకుని అద్దం ముందు మీసం దువ్వుకున్నాడు. పక్కనే రాధాకృష్ణమూర్తి కోడలు సుష్మ, రిజిస్టరులో ఎక్కించడానికి లైసెన్సు కాగితాలు చదువుతోంది. ఇంగ్లీషు కాగితాలు కావడంతో శ్యామ్‌సుందర్ వాటి జోలికి పోలేదు.

"పాపం, మిమ్మల్ని చంపుతామని రెండు ఉత్తరాలు రాశారటండీ. రెండోది నేరుగా పోలీసులకే వచ్చిందట," అంది సుష్మ జాలిగా.

మీసం మీది చెయ్యి అక్కడే ఆగిపోయింది. తను రాసింది ఒక్కటే. విచారణకొచ్చిన ఎస్సై, ఉత్తరాల సంగతి నిజమేనా అని అడిగితే ఔ సార్ అని తలూపాడు. ఎన్ని అని ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు. అంటే తనను నిజంగానే చంపాలనుకుంటున్న మనిషి ఒకడు ఈ ఊళ్లోనే ఉన్నాడన్నమాట. శ్యామ్‌సుందర్ స్టూలు మీద కూర్చుని, రాధాకృష్ణమూర్తి ఇచ్చిన గ్లాసుడు నీళ్లూ గటగటా తాగేశాడు.

ఎవరై ఉంటారు? పక్క దుకాణం విజయేందర్ మెట్ల మీద నాలుగేళ్లుగా తన బస్తాలే ఉన్నాయి. వెంటనే ఫోన్ చేసి, సాయంత్రానికల్లా తీయించేస్తానని చెప్పాడు. విజయేందర్ నమ్మలేక రెండుసార్లు అడిగాడు. తర్వాత బావమరిది గుర్తొచ్చాడు.

"శ్రీహరీ, నా తప్పేమన్న ఉంటే మాఫ్ చెయ్యి. పెండ్లిల వడ్డన పనంత నేనే చూస్కుంట."

అవతల శ్రీహరి గొంతు మెత్తబడింది. సరదాకే అంటుంటాననీ, మనసులో ఏమీ పెట్టుకోవద్దనీ అన్నాడు. బావ లేకపోతే తన బిడ్డ పెళ్లికి కళే ఉండదన్నాడు. ఇరవయ్యేళ్లలో అతను ఇంత మర్యాదగా మాట్లాడటం ఇదే మొదలు. మామూలు రోజైతే శ్యామ్‌సుందర్ పొంగిపోయేవాడే.

ఇక బంగారు పిడి వైపు చూడలేదు. నల్ల పిస్టల్ నడుముకు కట్టుకుని, మీద చొక్కా వదులుగా దించుకుని నిలబడ్డాడు, కూర్చున్నాడు, వంగి పెన్ను తీశాడు. వంగినప్పుడు పిడి పొట్టలో గుచ్చుకుంటే తోలు ఒరను కాస్త పక్కకు జరిపించుకున్నాడు. కనబడుతోందా అని ప్రతిసారీ సుష్మను అడిగాడు. లేదండీ అందామె.

"అసలు టైముకు ఇది మొరాయించదు గద సార్?"

శుభ్రంగా ఉంచుకుంటే మొరాయించదని, వాడే అవసరమే రాకూడదని దేవుణ్ణి కోరుకోమని రాధాకృష్ణమూర్తి ధైర్యం చెప్పాడు. శ్యామ్‌సుందర్ ఆయన చేతులు రెండూ పట్టుకుని, ముందే మీ మాట వినాల్సిందని దండం పెట్టాడు. గుమ్మంలోంచి తల బయటపెట్టి అటూ ఇటూ చూసి, గబగబా ఆటో ఎక్కాడు.

సుష్మ మనసు చివుక్కుమంది.

"పాపం మామయ్యగారూ, అంత మెత్తటి మనిషిని చంపాలనుకునేది ఎవరండీ?"

"ఎవరూ లేరమ్మా," అన్నాడు రాధాకృష్ణమూర్తి కళ్లజోడు తుడుచుకుంటూ. "ఆయన రాసుకున్న ఒక్క ఉత్తరానికి లైసెన్సు ఎక్కడొస్తుంది? అందుకే రెండోది నేను రాశాను."