గ్లాసుకు గ్లాసు

"నేను తాగను," అన్నాడు తాతయ్య, పెదాలు రెండూ లోపలికి మడుచుకుని.

మనవరాలు గ్లాసు పట్టుకుని అతని కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పక్కనే జగ్గు నిండా మందు కలిపిన నీళ్ళు. మధ్యాహ్నంలోగా అదంతా లోపలికి పోవాలి, లోపల ఉన్నదంతా బయటికి పోవాలి. పేగు అద్దంలా శుభ్రపడితే తప్ప కెమెరాకు గడ్డ సరిగ్గా కనబడదు. కనబడకపోతే అది ఎలాంటి గడ్డో తేలదు. తేలకపోతే... ఆలోచనను అక్కడితో ఆపేయడం ఈ మధ్యే ఆమెకు అలవాటైంది.

"చంటిపిల్లలు నయం," అంది అమ్మమ్మ గుమ్మంలోంచి. "మందు చూసి మూతి ముడుచుకునే వయసా మీది?"

"మాటలు చెప్పడం తేలికే. సబ్బునీళ్ళలో గుప్పెడు ఉప్పేసి, దూరం నుంచి నిమ్మకాయ చూపించినట్టుంది. నువ్వు తాగు చూద్దాం."

"తాగితే?"

"నువ్వో గ్లాసు, నేనో గ్లాసు. నువ్వు ఆపావా, నేనూ ఆపేస్తా."

"తాతయ్యా! అది మందు. అమ్మమ్మెందుకు తాగాలి?"

"డాక్టర్ని అడిగే వచ్చాన్లేవే. మీ అమ్మమ్మ తాగినా ఫరవాలేదని ఇంకో జగ్గుకు సరిపడా మందు కూడా ఇచ్చాడు."

అమ్మమ్మ అప్పటికే ఇంకో గ్లాసు కడుగుతోంది. గడియారాలు బాగుచేసే తాతయ్యకు ఎక్కడ నొక్కితే ఏది కదులుతుందో బాగా తెలుసు. స్కానింగుకు ఒక్కణ్ణీ వెళ్ళనని మొండికేస్తే అమ్మమ్మ కూడా తోడు వెళ్ళి తీయించుకుంది. ఫలితాలు ఆయనే వెళ్ళి కనుక్కొచ్చాడు. "మీ అమ్మమ్మ కడుపు భేషుగ్గా ఉంది. గడ్డ నాకే," అని నవ్వుతూ చెప్పాడు. నిన్నటి నుంచి ఆయనతోపాటు ఆవిడ కూడా వట్టి పళ్ళరసం మీదే ఉంది. మొగుడు పస్తుంటే ఎదురుగా కూర్చుని ఎలా తింటావని ఆయన దెప్పాడు మరి.

అమ్మమ్మ గటగటా తాగేసి గ్లాసు బోర్లించి చూపించింది. "ఊఁ. ఇప్పుడు మీరు."

తాతయ్య కళ్ళు మూసుకుని మింగాడు. రెండో జగ్గు కూడా కలిపి, అది సగానికి దిగేసరికి ఇంట్లో యుద్ధం మొదలైంది. ఉన్నది ఒక్కటే బాత్రూము.

"బయటికి రండి! లోపల సంసారం పెట్టారా?"

"పేషెంటును నేను! నాకు ముందు హక్కు!"

"హక్కుల సంగతి తర్వాత, ముందు తలుపు తీయండి!"

మనవరాలు గోడకు ఆనుకుని కడుపుబ్బ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. భయం మనిషి చూపును తనలోకి తిప్పేస్తుందని ఆమె నమ్మకం. తాతయ్య చూపు మాత్రం ప్రతిసారీ అమ్మమ్మ గ్లాసు అడుగు మీదే ఉంటోంది. భయాన్ని పోటీగా మార్చుకుని తప్పించుకుంటున్నాడు పాపం, అనుకుంది.

"అసలు ఈ పరీక్షలో ఏం చేస్తారో మళ్ళీ చెప్పవే," అన్నాడు తాతయ్య, మంచం మీద చతికిలబడి. "మెల్లగా చెప్పు. మీ అమ్మమ్మకు సరిగ్గా వినబడదు."

"నా చెవులు బాగానే ఉన్నాయి. మీకే బుర్రకెక్కదు."

మనవరాలు మళ్ళీ చెప్పింది. పెద్దపేగులోకి సన్నటి గొట్టం పంపి చూస్తారు. మత్తిస్తారు కాబట్టి నొప్పి పెద్దగా తెలియదు. గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. గడ్డలన్నీ చెడ్డవి కావు. చెడ్డదైనా తొందరగా పట్టుకుంటే చాలాసార్లు తీసేసి నయం చేయొచ్చు.

"విన్నారా?" అంది అమ్మమ్మ. "దానికే ఇంత రాద్ధాంతం. నాకు రెండు నెలలుగా కాళ్ళూ చేతులూ లాగేస్తున్నాయి, ఒకటే నీరసం. అలాగని మంచమెక్కానా, ఆసుపత్రులు పట్టుకు తిరిగానా?"

"నిన్ను తిప్పగల మగాడు పుట్టలేదులే," అన్నాడు తాతయ్య. చివరి గ్లాసులు రెండూ సమంగా పోసి, ఆమెది ఆమెకు అందించాడు.

మధ్యాహ్నం ముగ్గురూ ఆసుపత్రి వరండాలో, నేలకు బిగించిన ఇనుప కుర్చీల్లో వరసగా కూర్చున్నారు. నర్సు తలుపు తీసుకుని వచ్చింది. చేతిలో మడతపెట్టిన ఆకుపచ్చ గౌను.

"పేషెంటు ఇది వేసుకుని లోపలికి రావాలండీ."

తాతయ్య గౌను అందుకున్నాడు. కానీ లేవలేదు.

"తాతయ్యా, నేనిక్కడే ఉంటాను," అంది మనవరాలు. అతని చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. ఆ చల్లదనం తన వేళ్ళలోకి పాకుతుంటే, ఇన్నాళ్ళూ ఆపి పెట్టుకున్న ఆలోచన ఒక్కసారిగా పూర్తయింది.

"భయమేస్తోందే," అన్నాడు తాతయ్య. మనవరాలితో కాదు, అమ్మమ్మతో.

అమ్మమ్మ అతని వైపు పూర్తిగా తిరిగింది. వెక్కిరింపు ఎటు పోయిందో, గొంతు మెత్తబడింది.

"ఎందుకండీ భయం? పిల్ల అంత విడమరిచి చెప్పిందిగా. మత్తిస్తారు, చూస్తారు, అంతే. ఉన్నదేదో తెలిస్తే తీసేయించుకోవచ్చు. తెలియకుండా లోపల పెంచుకోవడానికి అదేమన్నా పెంపుడు పిల్లా?"

"నువ్వైతే వెళ్తావా?"

"మారుమాట్లాడకుండా వెళ్తాను."

"తీరా అప్పుడు మాట మారుస్తావు."

"మార్చనండీ. మీ మీద ఒట్టు," అంటూ అమ్మమ్మ అతని నెత్తి మీద చెయ్యి పెట్టేసింది.

తాతయ్య ఆ చేతిని కిందికి దించి, తన రెండు చేతుల మధ్యా కాసేపు ఉంచుకున్నాడు. తర్వాత ఆకుపచ్చ గౌనును జాగ్రత్తగా ఆమె ఒళ్ళో పెట్టాడు.

"అయితే లేవవే. ఆ గడ్డ నాకు కాదు, నీకు."