ఎర్ర రిబ్బను

పంపుల ఫౌండ్రీ మూతపడిన నాటి నుండి తిరువెంకటం ట్రైలరు నడుపుతున్నాడు. దాని రాబడి చాలదు. భార్య కుప్పమ్మాళ్ నూలు మిల్లు జీతమే ఇంటిని నిలబెడుతున్నది.

ఆనాడు పాత ఇనుము యార్డులో, కరిగించే కొలిమికి వెళ్ళవలసిన నూలు యంత్రాలను ట్రైలరుపై బిగిస్తూ, ఒకదానిపై ఆయుధపూజ కుంకుమను, ఎర్ర రిబ్బనును చూశాడు. అప్పుడే ఆమె ఫోను చేసింది.

"మామా, మిల్లులో అందరికీ లీవు ఇచ్చినారు! సోమవారం కొత్త మిషన్లు వస్తాయంట."

"పాతవి?"

"మూలకు జరుపుతారంట. పూజనాడు ఎర్ర దారం దొరక్క పాప ఎర్ర రిబ్బను నా మిషనుకు కట్టినాను గదా, విప్పేది మరిచిపోయినాను. పాప ఒకటే ఏడుపు."

తిరువెంకటం ఆ ముడిని మెల్లగా విప్పాడు.

"ఏడవొద్దని చెప్పు. సాయంత్రం నేను తెస్తాను."

"గేటుకు బీగం వేసినారు. మీరెట్ల తెస్తారు మామా?" అని కుప్పమ్మాళ్ నవ్వింది.